మీకు తెలుసా? మజిల్ కార్ల కాగితం లెక్క వేరు, రోడ్డు లెక్క వేరు!

దగ్గరికి రండి, ఒక గుట్టు చెబుతా! 1964 మార్చి. అమెరికాలో ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక పెద్ద బాంబే పేల్చింది. పాంటియాక్ జీటీఓ అనే మజిల్ కారు, అంటే మామూలు కారులో పెద్ద ఇంజన్ బిగించిన బండి, కదలకుండా నిలబడ్డ చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి పట్టిన సమయం 4.6 సెకన్లట! 60 మైళ్లంటే మన లెక్కలో దాదాపు 97 కిలోమీటర్లు. మామూలు జీతగాడు కొనుక్కునే బండి అది! చదివినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు.

ఆ కారును పోల్చింది దేనితోనో తెలుసా? ఇటలీ రేసుగుర్రం ఫెరారీ జీటీఓతో! పత్రిక ముఖచిత్రం మీద రెండు కార్లూ పక్కపక్కనే దూసుకుపోతున్నాయి. మరి ఆ పోటీకి నిజంగా వచ్చిన ఫెరారీ జీటీఓలు ఎన్ని? 0! అవును, సున్నా! ముఖచిత్రం ఫొటో కాదు, బొమ్మ. పోటీ అంతా కాగితం మీదే!

అసలు మజా ఇంకా ముందుంది! షోరూంలో అమ్మే జీటీఓలో ఉండేది 389 ఘనపు అంగుళాల ఇంజన్. పరీక్షకు పంపిన కారు బానెట్ కింద కూర్చున్నది 421 ఘనపు అంగుళాల ఇంజన్! చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎవరు కనిపెడతారు? పాంటియాక్ ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ ఈ సంగతిని దశాబ్దాల తర్వాత స్వయంగా బయటపెట్టారు. అంతదాకా ఎన్ని వాదనలు, ఎన్ని పందేలు, ఎంత రభస!

అదే ఏడాది ‘మోటార్ ట్రెండ్’ కూడా ఒక జీటీఓను పరిగెత్తించింది. పావు మైలు, అంటే 402 మీటర్లు. మొదటి పత్రిక చెప్పింది 13.1 సెకన్లు. దీనికి పట్టిందెంతో తెలుసా? 15.8 సెకన్లు! ఈ పావు మైలు పరుగు పందెమైన డ్రాగ్ రేసులో రెండు సెకన్లకు పైగా తేడా అంటే మాటలు కాదు. ముందు కారు గీత దాటేసరికి వెనక కారు వంద మీటర్లకు పైనే వెనకబడి ఉంటుంది!

ఇక్కడో కిటుకు ఉంది. అభిమానులు సెకన్ల కోసం కొట్టుకుంటారు. నేనైతే సెకన్లు పక్కన పెట్టి మొదట చూసేది పావు మైలు చివర కారు ఎంత వేగంతో వెళ్తోందన్నదే! ఆరోజుల్లో దాన్ని గీతకు 66 అడుగుల ముందొక కాంతి కిరణం, 66 అడుగుల తర్వాత ఇంకొకటి పెట్టి కొలిచేవారు. టైరు జారితే సెకన్లు పాడవుతాయి. డ్రైవరు తడబడినా పాడవుతాయి. చివరి వేగం మాత్రం పెద్దగా మారదు. ఇంజన్‌లో ఎంత దమ్ముందో అంతే చెబుతుంది!

పెన్ను తీసుకోండి! చివరి వేగాన్ని మైళ్లలో రాసుకుని 234తో భాగించండి. వచ్చినదాన్ని ఘనం చేయండి. దాన్ని కారు బరువుతో, పౌండ్లలో, గుణించండి. వచ్చేది సుమారుగా ఇంజన్ అసలు శక్తి! డ్రాగ్ రేసర్ల పాత సూత్రం ఇది. ఎంత చిన్న లెక్కో చూశారా? ఎన్ని గొప్పల గుట్టు విప్పుతుందో!

ఆ 1964 పరీక్షకే వేసి చూద్దాం. చివరి వేగం 115 మైళ్లు. బరువు డ్రైవరుతో కలిపి 3,700 పౌండ్లు అనుకుందాం. జవాబు సుమారు 440 హార్స్‌పవర్! కంపెనీ జీటీఓలో అమ్మిన అన్నిటికంటే బలమైన ఇంజన్‌కు రాసుకున్నదే 348! ఇప్పుడు ‘మోటార్ ట్రెండ్’ కారు. చివరి వేగం 93 మైళ్లు. అదే బరువుకు జవాబు సుమారు 230! ఒకే పేరు, ఒకే ఏడాది, దాదాపు రెండింతల తేడా! చూశారా? వాంగర్స్ నోరు విప్పకముందే ఆ గుట్టు పత్రికలో అచ్చయి ఉంది! లెక్క వేసి చూసినవాళ్లే తక్కువ.

ఈసారి ఇంకా పెద్ద పేరు! 1970 షెవర్లే షెవెల్, ఎల్ఎస్6 ఇంజన్. కాగితం మీద 450 హార్స్‌పవర్! ఈ పేరు వింటేనే అభిమానులు ఊగిపోతారు. ఒక పరీక్షలో దాని చివరి వేగం 104 మైళ్ల దగ్గర ఆగింది. బరువు 4,000 పౌండ్లు అనుకుంటే మన సూత్రం చెప్పేది 350! మిగతా 100 గుర్రాలు ఏ దారిన పోయాయి?

అవి కారులోకి ఎక్కనే లేదు! అప్పట్లో ఇంజన్‌ను ఊడదీసి, స్టాండ్ మీద పెట్టి కొలిచేవారు. ఎయిర్ ఫిల్టర్ ఉండదు. సైలెన్సర్ ఉండదు. బెల్టు మీద తిరిగే బరువులేవీ ఉండవు. ఊపిరి ఆడనిచ్చి, బరువు దించి, పరిగెత్తమన్నట్టు! 1971లో జనరల్ మోటార్స్ రెండు లెక్కలనూ పక్కపక్కనే అచ్చేసింది. కార్వెట్ 454 ఇంజన్‌కు పాత లెక్కలో 365. కారులో బిగించాక 285! ఇంజన్ అదే, నట్టు కూడా మారలేదు. కాగితం మీద 80 గుర్రాలు మాయం! 1972 నుంచి పరిశ్రమంతా ఈ కొత్త లెక్కకే మారింది. అందుకే ‘1972లో కార్లన్నీ ఒక్కసారిగా చచ్చుబడ్డాయి’ అనే మాటలో సగమే నిజం!

కంపెనీలు ఎప్పుడూ ఎక్కువే రాశాయనుకుంటున్నారా? కాదు! కావాలని తక్కువ రాసిన కథలు ఇంకా రంజుగా ఉంటాయి! 1967 కార్వెట్ ఎల్88 చూడండి. రేసు కోసమే కట్టిన ఇంజన్. దాని మీద రాసింది 430 హార్స్‌పవర్. అదే షోరూంలో ఇంకో మామూలు కార్వెట్ మీద 435! రేసు బండికి ఐదు గుర్రాలు తక్కువ! ఎందుకట? కుర్రాళ్లు పెద్ద అంకె చూసి ఎగబడతారు. ఈ బండి జోలికి రాకుండా ఉండాలంటే అంకె చిన్నదిగా ఉండాలి! అసలు శక్తి 500 దాటుతుందని అందరూ ఒప్పుకుంటారు.

ఆ ఎల్88 మామూలు పెట్రోలు ముట్టదు తెలుసా? 103 ఆక్టేన్ పోయాల్సిందే! రేడియో ఇవ్వరు. చలిదేశంలో హీటరు కూడా ఇవ్వరు! ఆ తొలి ఏడాది కొన్నవాళ్లు 20 మందే. 2014లో వాటిలో ఒకటి వేలానికి వచ్చింది. 38.5 లక్షల డాలర్లు పలికింది!

ఇది వింటే నవ్వాపుకోలేరు! 1967 పాంటియాక్ ఫైర్‌బర్డ్ 400. జీటీఓలో ఇంకా ఎక్కువ హార్స్‌పవర్ రాసుకున్న ఇంజనే దీంట్లోనూ ఉంది. కానీ ఇక్కడ రాసింది 325! కారు బరువులో ప్రతి 10 పౌండ్లకు ఒక హార్స్‌పవర్ మించకూడదని జనరల్ మోటార్స్ పెద్దల ఆంక్ష. మరి అదే ఇంజన్‌కు కళ్లెం ఎలా వేశారు? కార్బురేటర్ లింకేజీ మీద ఒక చిన్న రేకు ముక్క! వేలిగోరంత! యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వెనక గొట్టాలు పూర్తిగా తెరుచుకోకుండా అది అడ్డం తగులుతుంది. కొన్నవాళ్లు ఏం చేశారంటారా? ఇంటికి తెచ్చారు, బానెట్ ఎత్తారు, పటకారుతో ఆ రేకును పక్కకు వంచేశారు! పైసా ఖర్చు లేకుండా గుర్రాలన్నీ తిరిగొచ్చాయి!

ఫోర్డ్ తక్కువ తిందా? 1968 మస్టాంగ్ 428 కోబ్రా జెట్. కంపెనీ వినయంగా 335 హార్స్‌పవర్ అని రాసింది. ఆ ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పొమోనాలో డ్రాగ్ పోటీలు జరిగాయి. అక్కడ సూపర్ స్టాక్ పట్టం పట్టుకెళ్లిపోయింది ఆ మస్టాంగే! ‘హాట్ రాడ్’ పత్రిక పరీక్షలో దాని సమయం 13.56 సెకన్లు! 335 అన్న మాటను నమ్మిన రేసర్ ఒక్కడూ లేడు.

బద్ధశత్రువులు ఒకే అబద్ధం చెప్పడం ఎక్కడైనా చూశారా? షెవర్లే కమారో జెడ్28 ఇంజన్, 302 ఘనపు అంగుళాలు. ఫోర్డ్ బాస్ 302 ఇంజన్, అదీ 302. ఇద్దరూ రాసిన శక్తి? 290! ఇద్దరిదీ అదే అంకె! కూడబలుక్కున్నట్టు లేదూ?

నాకు ఇష్టమైన కారు వంతు వచ్చింది! 1970 బ్యూక్ జీఎస్ 455 స్టేజ్ 1. బ్యూక్ అంటే డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు తోలే బండి. చూడ్డానికి పెద్దమనిషి! కాగితం మీద 360 హార్స్‌పవరే. ‘మోటార్ ట్రెండ్’ పావు మైలు పరిగెత్తిస్తే ఎంత వచ్చిందో తెలుసా? 13.38 సెకన్లు! 425 అని రాసుకున్న క్రైస్లర్ హెమీ ఇంజన్ కార్ల పక్కన ఇది నిలబడింది! హెమీ అభిమానులకు ఈ సంగతి ఈనాటికీ మింగుడుపడదు. ఎవరేమన్నా సరే, ఆ తరంలో కాగితాన్ని మించి పరిగెత్తిన బండి ఇదేనని నా గట్టి నమ్మకం.

ఆ బ్యూక్ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 510 పౌండ్-అడుగులు. మజిల్ కార్లలో అదే శిఖరమని చెబుతారు. నిజమే! కానీ అదే ఏడాది ఒక విలాసాల కారు దాన్ని మించిపోయింది! కాడిలాక్ ఎల్డొరాడో! మెత్తటి సోఫా సీట్లు, 8.2 లీటర్ల ఇంజన్, టార్క్ 550! డ్రాగ్ స్ట్రిప్ ముఖమే చూడని బండి!

ఇంత దమ్ము నేలకు చేరాలంటే టైరు కావాలి కదా? 1964 జీటీఓ టైరు వెడల్పు చెబితే నమ్మరు! 7.5 అంగుళాలు. అంటే 190 మిల్లీమీటర్లు. నేడు మన వీధుల్లో తిరిగే చిన్న స్విఫ్ట్ టైరు వెడల్పు 185! పైగా ఆనాటివి రేడియల్ టైర్లు కావు. ఒక్కసారి గట్టిగా తొక్కితే చాలు, వెనక చక్రాలు పొగలు కక్కుతూ అక్కడికక్కడే గిర్రున తిరుగుతాయి. కారు మాత్రం కదలదు! ఆరితేరిన డ్రైవర్లు ఏం చేసేవారు? గుడ్డు మీద కాలు పెట్టినట్టు నెమ్మదిగా నొక్కేవారు. చక్రం కాస్త జారీ జారకుండా ఉండే ఆ ఒక్క చోటును అరికాలితో పసిగట్టేవారు. బండి పట్టు దొరకబుచ్చుకున్నాకే పూర్తిగా తొక్కేవారు. అదే కారును ఒకడు 14 సెకన్లలో, ఇంకొకడు 15 సెకన్లలో తోలేవాడంటే తేడా అంతా ఆ పాదంలోనే!

గడియారంలోనూ ఒక మాయ ఉంది తెలుసా? డ్రాగ్ స్ట్రిప్‌లో కారు కదలగానే గడియారం మొదలు కాదు! ముందు చక్రం కాంతి కిరణాన్ని దాటి బయటికి రావాలి. ఆలోగా కారు దాదాపు ఒక అడుగు ఉచితంగా జరిగిపోతుంది. లాభం ఎంత? సుమారు 0.3 సెకను! ఒక పత్రిక ఆ అడుగును లెక్కలో కలుపుతుంది, మరొకటి కలపదు. ఆ రెండంకెలు పట్టుకుని స్నేహితులిద్దరు తెల్లవార్లూ వాదించుకుంటారు!

ఆ ఎల్ఎస్6 షెవెల్‌నే ఆనాడు వేర్వేరు పత్రికలు పరిగెత్తించాయి. ఒకరికి 13.1 సెకన్లు. ఇంకొకరికి 13.4. మరొకరికి 13.8! ఎవరూ దొంగలెక్క రాయలేదు. రోజు వేరు, గాలి వేరు, పాదం వేరు. అందుకే ‘ఫలానా కారు సమయం ఇంత’ అని ఒక్క అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను!

వెనక ఇరుసులో గేరు నిష్పత్తి మారితే కారే మారిపోతుంది! 3.23 వేసుకుంటే గంటకు 60 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి సుమారు 2,400 సార్లు తిరుగుతుంది. హాయిగా ఊరెళ్లొచ్చు. 4.10 వేసుకుంటే 3,000 దాటుతుంది! పికప్ పులిలా ఉంటుంది. కానీ 120 మైళ్ల దగ్గరే ఇంజన్ 6,100 చుట్లకు చేరి ఇక నా వల్ల కాదంటుంది! ‘మా బండి 150 కొట్టింది’ అనేవాళ్లను ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇరుసులో ఏ గేరుంది?

ఎత్తైన ఊళ్లో కారు ఎందుకు నీరసపడుతుందో తెలుసా? గాలి పలచన! వెయ్యి అడుగులు పైకి వెళ్తే పాత ఇంజన్ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. డెన్వర్ పక్కన బాండిమేర్ అనే డ్రాగ్ స్ట్రిప్ ఉండేది. 5,800 అడుగుల ఎత్తున! అక్కడికి చేరేసరికి ప్రతి ఆరు గుర్రాల్లో ఒకటి గల్లంతు!

పరిగెత్తడం సరే. ఆగడం? 1964 జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే! డ్రమ్ము వ్యాసం 9.5 అంగుళాలు. ఒకటిన్నర టన్నుకు పైగా బరువు! కొండ దిగుతూ నాలుగుసార్లు గట్టిగా నొక్కితే డ్రమ్ములు కాగిపోయి పెడల్‌కు పట్టు తప్పుతుంది. పికప్ గురించి గంటలు వాదించేవాళ్లు ఈ మాట ఎత్తరు. నాకది బాధే!

‘మా పెదనాన్నకు హెమీ ఉండేది’ అనే అమెరికన్లు కొల్లలు! అసలు తయారైనవి ఎన్నో తెలుసా? 1971 ప్లిమత్ హెమీ కుడాల్లో కన్వర్టిబుల్స్ 11 మాత్రమే! 2014లో ఒకటి వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

ముక్కు పొడుగు, తోక ఎత్తు ఉన్న డాడ్జ్ చార్జర్ డేటోనా గుర్తుందా? 1970 మార్చిలో బడీ బేకర్ అనే రేసర్ తల్లడేగా ట్రాక్ మీద దాన్ని గంటకు 200.447 మైళ్లతో నడిపాడు! 322 కిలోమీటర్లకు పైమాటే! కానీ అది రేసు బండి. జనానికి అమ్మిన 503 డేటోనాల్లో హెమీ ఇంజన్ ఉన్నవి 70!

‘బుల్లిట్’ సినిమాలో శాన్ ఫ్రాన్సిస్కో వీధుల ఛేజ్ ప్రపంచ ప్రసిద్ధం! హీరో స్టీవ్ మెక్వీన్ మస్టాంగ్ శక్తి కాగితం మీద 325. విలన్ల డాడ్జ్ చార్జర్‌ది 375! షూటింగ్‌లో హీరో వెనకబడిపోకుండా విలన్ కారే వేగం తగ్గించుకోవాల్సి వచ్చిందట! అయినా హీరో హీరోయే. ఆ మస్టాంగ్ 2020లో ఫీజులతో కలిపి 37.4 లక్షల డాలర్లకు పోయింది!

ఈ కార్లు పడిపోవడం కూడా ఎంత నిలువునా పడ్డాయో! 1975 కార్వెట్, 5.7 లీటర్ల ఇంజన్, శక్తి 165! కొత్త లెక్కే అయినా గుండె పిండేసే అంకె అది!

ఆ కరువుకాలంలో 1978 మోడల్ అమెరికన్ బండ్లలో గంటకు 100 మైళ్లు అందరికంటే ముందు అందుకున్నది ఏదో ఊహించండి! స్పోర్ట్స్ కారా? కాదు, డాడ్జ్ పికప్ ట్రక్కు! లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్! క్యాబిన్ వెనక నిటారుగా రెండు పొగగొట్టాలు, చెక్క పలకలు, 225 హార్స్‌పవర్! ట్రక్కు కావడంతో పొగ నిబంధనల్లో సడలింపు దొరికింది. పత్రికకిచ్చిన బండి అమ్మకానికి రాని ముందస్తు నమూనా అని అభిమానులు ఇప్పటికీ గొణుగుతారు!

1987లో బ్యూక్ మళ్లీ నిద్రలేచింది! జీఎన్ఎక్స్. నల్లటి రంగు, ఎనిమిది సిలిండర్లకు బదులు ఆరే, పైన టర్బో. రాసింది 276 హార్స్‌పవర్. 60 మైళ్లకు పట్టింది 4.7 సెకన్లు! 1964లో ఇంజన్ మార్చి సాధించిన అంకెకు ఒక్క పదో వంతు సెకను దూరం! తయారైనవి 547. పాత అలవాటు పోలేదు సుమా, ఈ అంకె కూడా తక్కువ రాసిందేనని అందరి మాట!

మరి ఈ మధ్యకాలపు మామూలు ఫ్యామిలీ కారు ఎంత? 2018 టయోటా క్యామ్రీ వీ6ను ‘కార్ అండ్ డ్రైవర్’ పరీక్షించింది. 60 మైళ్లకు 5.8 సెకన్లు! ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లే కారు! ఆ 1964 ‘మోటార్ ట్రెండ్’ జీటీఓకు పట్టిన సమయం 7.7! జీటీఓ అంటే నాకు ప్రాణం. అయినా ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి!

వాదనలతో విసిగిపోయినవాళ్లు ఏం చేశారో తెలుసా? మిషిగన్ రాష్ట్రంలో స్టాంటన్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1995 నుంచి ప్యూర్ స్టాక్ డ్రాగ్ పోటీలు పెట్టుకున్నారు! అసలు పాత కార్లే రావాలి. రేసు టైర్లు కుదరవు. పాత కొలతల సన్నటి టైర్లతోనే పరిగెత్తాలి. దాదాపు సమాన సమయం ఉన్న రెండు కార్లను జతకడతారు. మూడింటిలో రెండు గెలిచినవాడే విజేత! లోపలి భాగాలను గీత తప్పకుండా సరిచేసుకుని, దశాబ్దాల సాధనతో పాదం కుదిరిన యజమానులు ఆ సన్నటి టైర్ల మీదే 11 సెకన్లలోకి దిగారు!